అద్దం వెనక చేపకు ఏ కెమెరా?

(హైదరాబాద్‌లో అక్వేరియం పెంచేవాళ్లు కలుసుకున్న సందర్భంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

మన వాట్సాప్ గ్రూపుల్లో తరచూ వచ్చే మెసేజ్ ఒకటుంది. "అన్నా, మా చేప ఒంటి మీద ఏదో తెల్లగా కనబడుతోంది, ఏం మందు వెయ్యాలి?" దాని కింద ఒక ఫొటో. ఆ ఫొటోలో ట్యాంకు మొత్తం ఉంటుంది, మొక్కలుంటాయి, అద్దంలో ట్యూబ్‌లైటు మెరుస్తూ ఉంటుంది. చేప మాత్రం గోరంత. అది వైట్ స్పాట్ అనే తెల్లచుక్కల జబ్బా, ఫంగసా, పక్క చేప కొరికిన గాయమా, ఆ ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు. చెప్పలేక ఎవరో ఒకరు ఊహించి మందు పేరు రాస్తారు. తప్పు మందు పడితే చేప ప్రాణమే పోవచ్చు. అందుకే చేపల దగ్గరి ఫొటోలకు ఏ కెమెరా కొనాలో మాట్లాడమన్నప్పుడు వెంటనే ఒప్పుకున్నాను. చేప ఫొటో అందంగా రావడం నాకూ ఇష్టమే. కానీ దాని ఒంటి మీద అర మిల్లీమీటరు చుక్క స్పష్టంగా కనబడటం నాకు అంతకంటే ముఖ్యం.

కాంపాక్ట్ కెమెరా, అంటే లెన్సు విడదీయలేని చిన్న కెమెరా, కొనాలనుకుంటే డబ్బా మీద ఏం చూడాలి? మామూలుగా అందరూ మెగాపిక్సెల్స్ చూస్తారు. కాస్త తెలిసినవాళ్లు "మాక్రో 1 సెం.మీ." అని, అంటే అంత దగ్గరి నుంచి ఫొటో తీయగలదని, రాసి ఉందేమో చూస్తారు. ఈ రెండూ మనకు పెద్దగా పనికిరావు. మన పనికి కావలసిన అంకె చాలాసార్లు డబ్బా మీద ఉండనే ఉండదు. జూమ్ పూర్తిగా లాగి, కెమెరా ఫోకస్ చెయ్యగలిగినంత దగ్గరికి వెళ్తే, ఫ్రేములో ఎన్ని సెంటీమీటర్ల వెడల్పు పడుతుంది? అదీ అంకె. ఈరోజు నేను చెప్పబోయేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఆ 1 సెం.మీ. సంగతి చూద్దాం. కంపెనీ అబద్ధం చెప్పదు. ఆ కెమెరా నిజంగానే లెన్సుకు ఒక సెంటీమీటరు దూరంలో ఉన్న వస్తువు మీద ఫోకస్ చేస్తుంది. కానీ చాలా కెమెరాల్లో జూమ్ అసలు లాగకుండా, వైడ్‌లో ఉంచినప్పుడే అది సాధ్యం. జూమ్ లాగేకొద్దీ ఆ కనీస దూరం పెరుగుతూ పోతుంది. పువ్వు దగ్గరికో నాణెం దగ్గరికో అయితే ఒక సెంటీమీటరు దాకా వెళ్లొచ్చు. మన చేప అద్దం వెనక ఉంది. రెండడుగుల ట్యాంకు అద్దం 5, 6 మిల్లీమీటర్లుంటుంది, నాలుగడుగుల ట్యాంకైతే 10, 12. లెన్సు దాదాపు అద్దానికి ఆనుకునేసరికే ఆ సెంటీమీటరు అయిపోయింది. చేప ఏమో అద్దానికి ముక్కు ఆనించి నిలబడదు కదా. నాలుగు సెంటీమీటర్లు, పది సెంటీమీటర్లు లోపల తిరుగుతుంటుంది. అక్కడ వైడ్ లెన్సుతో తీస్తే మళ్లీ ఆ గోరంత చేపే వస్తుంది.

పైగా వైడ్‌లో దగ్గరికి వెళ్తే ఆకారమే మారిపోతుంది. ఏంజెల్ ఫిష్ మూతి పెద్దదిగా, తోక చిన్నదిగా పడుతుంది. వెనకున్న పైపులు, హీటరు, గోడ మీది స్విచ్ బోర్డు అన్నీ ఫ్రేములోకి వచ్చేస్తాయి. కెమెరా అంత దగ్గరికి వచ్చేసరికి చేప బెదిరి మొక్కల్లోకి పోతుంది. ఫైటర్ చేపైతే మీదికొస్తుంది, అది వేరే విషయం.

కాబట్టి జూమ్ చివర ఎంత దగ్గరికి వెళ్లగలదో చూడాలి. ఒక చిన్న లెక్క చెప్తాను, రాసుకోండి. కెమెరా స్పెసిఫికేషన్లలో ఫోకల్ లెంగ్త్‌ను, అంటే లెన్సు ఎంత జూమ్ అవుతుందో చెప్పే అంకెను, 35 ఎంఎం (పాత ఫిల్ము కెమెరా) లెక్కలో ఇస్తారు, 24-100 అనో 28-100 అనో. జూమ్ చివర ఉండే కనీస ఫోకస్ దూరాన్ని 36తో గుణించి, ఆ రెండు అంకెల్లో పెద్దదానితో భాగిస్తే ఫ్రేములో పడే వెడల్పు వస్తుంది. ఇది సుమారు లెక్కే, అసలు వెడల్పు కాస్త తేడాగా ఉండొచ్చు. కానీ రెండు కెమెరాలను పోల్చడానికి ఇది చాలు.

సోనీ ఆర్‌ఎక్స్100 తీసుకోండి. 2012లో మొదటి మోడల్ వచ్చింది. ఒక అంగుళం సెన్సర్ (వెలుతురును పట్టే చిప్పు), 20 మెగాపిక్సెల్స్, చాలా మంచి కెమెరా. వైడ్‌లో 5 సెం.మీ. దాకా వెళ్తుంది. 100 ఎంఎం జూమ్‌లో కనీస దూరం 55 సెం.మీ. లెక్క వేస్తే ఫ్రేములో 20 సెం.మీ. పడుతుంది. పూర్తిగా పెరిగిన డిస్కస్ చేపకు ఇది బ్రహ్మాండంగా సరిపోతుంది. మూడు సెంటీమీటర్ల నియాన్ టెట్రాకు సరిపోదు. "జూమ్ ఎక్కువున్న మోడల్ కొంటే పోదా?" అంటారు. అదే వరసలో ఆర్‌ఎక్స్100 ఏడో మోడల్‌కు 200 ఎంఎం దాకా జూమ్ ఉంది. కానీ అక్కడ కనీస దూరం మీటరు. లెక్క వేయండి, 18 సెం.మీ. జూమ్ రెట్టింపైనా మనకు ఒరిగిందేమీ లేదు. కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 3 జూమ్ చివర 40 సెం.మీ. దాకా వెళ్తుంది, ఫ్రేము 14, 15 సెం.మీ. ఉంటుంది. పానసోనిక్ ఎల్‌ఎక్స్10కు 72 ఎంఎం జూమే, కానీ 30 సెం.మీ. దాకా రానిస్తుంది. అదీ ఇంచుమించు 15. రికో జీఆర్ 3ని వీధుల్లో ఫొటోలు తీసేవాళ్లు నెత్తిన పెట్టుకుంటారు, సెన్సర్ పెద్దది, లెన్సు చురుకైనది. కానీ జూమ్ లేని 28 ఎంఎం లెన్సు కాబట్టి మన పనికి దాన్ని నేను సిఫారసు చెయ్యను.

ఇప్పుడు వేరే రకం కెమెరా గురించి చెప్తాను. ఒలింపస్ టీజీ వరస. టీజీ-5 2017లో, టీజీ-6 2019లో వచ్చాయి. తర్వాత ఒలింపస్ కెమెరా వ్యాపారం చేతులు మారి, 2023లో టీజీ-7 ఓఎం సిస్టమ్ పేరుతో వచ్చింది. ఇవి నీళ్లలో 15 మీటర్ల లోతు దాకా తీసుకెళ్లగలిగే గట్టి కెమెరాలు. సెన్సర్ చిన్నది, 12 మెగాపిక్సెల్సే. కాగితం మీద చూస్తే సోనీ ముందు ఇది తేలిపోతుంది. కానీ దీంట్లో మైక్రోస్కోప్ మోడ్ అని ఒకటుంది. ఆ మోడ్‌లో జూమ్ ఎంత లాగినా సరే, ఒక సెంటీమీటరు దాకా ఫోకస్ అవుతుంది. 100 ఎంఎంలో కూడా. అంటే చేప లెన్సుకు పది సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి, జూమ్ పూర్తిగా లాగితే ఫ్రేములో నాలుగైదు సెంటీమీటర్లే పడుతుంది. మూడు సెంటీమీటర్ల టెట్రా ఫ్రేమును నింపేస్తుంది.

ఇక్కడ మెగాపిక్సెల్స్ లెక్క కూడా తేల్చేద్దాం. వైట్ స్పాట్ చుక్క అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు ఉంటుంది. 20 మెగాపిక్సెల్ సోనీ ఫొటో అడ్డంగా 5,472 పిక్సెల్స్. అవి 20 సెంటీమీటర్ల మీద పరుచుకుంటే మిల్లీమీటరుకు 27 పిక్సెల్స్. అర మిల్లీమీటరు చుక్కకు పదమూడు పడతాయి, అది తెల్లటి మచ్చలా కనబడుతుంది తప్ప ఇంకేమీ తెలియదు. 12 మెగాపిక్సెల్ టీజీ ఫొటో అడ్డంగా 4,000 పిక్సెల్స్. ఫ్రేము ఐదు సెంటీమీటర్లయితే మిల్లీమీటరుకు 80. అదే చుక్కకు 40 పిక్సెల్స్. అంచు గుండ్రంగా ఉందా, ఉప్పు రవ్వలా పొడుచుకొచ్చిందా, దూదిలా పీచు పీచుగా ఉందా చెప్పొచ్చు. గుండ్రంగా విడివిడిగా ఉంటే వైట్ స్పాట్, దూది పీచులా ఉంటే ఫంగస్ వైపు ఆలోచిస్తాం. పసుపు పొడి చల్లినట్టు ఇంకా సన్నగా ఉంటే వెల్వెట్ అనే జబ్బు. ఈ తేడా కనిపెట్టడానికే కదా ఇంత తపన.

షాపుకు వెళ్లేటప్పుడు జేబులో పిల్లల స్కేలు ఒకటి పెట్టుకెళ్లండి. కౌంటరు మీద స్కేలు పెట్టి, జూమ్ పూర్తిగా లాగి, మాక్రో ఆన్ చేసి, ఫోకస్ అయ్యేంత దగ్గరికి వెళ్లి ఒక ఫొటో తియ్యండి. స్క్రీన్ మీద స్కేలు ఎన్ని సెంటీమీటర్లు కనిపిస్తుందో లెక్కపెట్టండి. తర్వాత జూమ్ సగంలో ఉంచి మళ్లీ తియ్యండి. కొన్ని కెమెరాల్లో మాక్రో బలం జూమ్ మధ్యలో ఎక్కడో ఉంటుంది. పాత నికాన్ కూల్‌పిక్స్ 4500 లాంటి కెమెరాలు అలాంటివే, జూమ్ మధ్యలో ఒక చోట రెండు సెంటీమీటర్ల దాకా వెళ్లేవి. షాపతను వింతగా చూసినా పట్టించుకోవద్దు. డబ్బులు మనవి.

ఇప్పటికే మంచి కాంపాక్ట్ ఉన్నవాళ్లు కొత్తది కొనక్కర్లేదు. లెన్సు ముందు తగిలించే క్లోజప్ లెన్సు ఒకటి తీసుకుంటే చాలు. వీటి బలాన్ని కళ్లద్దాల పవర్ లాగే డయాప్టర్లలో చెప్తారు. ప్లస్ 4 అయితే, కెమెరా ఎక్కడో దూరాన ఫోకస్ అయి ఉన్నా పావు మీటరు దూరంలోని వస్తువు స్పష్టంగా పడుతుంది. సోనీ ఆర్‌ఎక్స్100కు ప్లస్ 4 పెడితే, జూమ్ చివర 55 సెం.మీ. ఉన్న కనీస దూరం 17 సెం.మీ.కు తగ్గుతుంది. ఫ్రేము 20 నుంచి ఆరేడు సెంటీమీటర్లకు వస్తుంది. అదే సెన్సర్, అవే 20 మెగాపిక్సెల్స్, ఇప్పుడు టెట్రా ఒంటి మీద. ఖర్చులో చూస్తే దీన్ని మించిన ఉపాయం నాకు తెలియదు. ఒకే గాజుతో చేసిన చవకరకం కొంటే మాత్రం అంచుల్లో రంగులు చిమ్ముతాయి. రెండు గాజులు అతికించి చేసినవి తీసుకోండి. రెనాక్స్ డీసీఆర్-150 దాదాపు ప్లస్ 5, డీసీఆర్-250 ప్లస్ 8. కెనాన్ 250డీ ప్లస్ 4. ఆర్‌ఎక్స్100 లాంటి వాటికి లెన్సు ముందు మరలుండవు, అంటించుకునే రింగు కావాలి. బరువైన గాజు ఆ సన్నటి జూమ్ గొట్టానికి వేలాడుతుంటే మోటారు మీద భారం పడుతుంది కాబట్టి చేత్తో కింద ఆసరా ఇవ్వండి. కాస్త పెద్ద కెమెరాకు అభ్యంతరం లేకపోతే పానసోనిక్ ఎఫ్‌జెడ్300 చూడండి. 600 ఎంఎం దాకా జూమ్, మొదటి నుంచి చివరి దాకా ఎఫ్/2.8 (ఈ ఎఫ్ నంబరు ఎంత చిన్నదైతే లెన్సులోకి అంత ఎక్కువ వెలుతురు వస్తుంది), ముందు 52 ఎంఎం మరలున్నాయి. క్లోజప్ లెన్సు తిప్పి బిగించుకోవడమే.

చిన్న సెన్సర్ అని చిన్నచూపు చూడకండి. ఇంత దగ్గర్లో ఫోకస్ పొర చాలా పల్చగా ఉంటుంది. పెద్ద సెన్సర్ కెమెరాతో తీస్తే కన్ను స్పష్టంగా ఉండి, ముందు రెక్క మసకబారుతుంది. అదే ఫ్రేము, అదే ఎఫ్ నంబరు పెట్టినప్పుడు చిన్న సెన్సర్‌లో ఆ పొర మందంగా ఉంటుంది. చేప పక్కకు తిరిగి నిలబడితే మూతి నుంచి తోక దాకా దిద్దినట్టు వస్తుంది.

వెలుతురు దగ్గరే మనకు అసలు కష్టం. టీజీ లెన్సు వైడ్‌లో ఎఫ్/2, జూమ్ చివర ఎఫ్/4.9. అంటే జూమ్ లాగాక ఆరో వంతు వెలుతురే లోపలికొస్తుంది. ట్యాంకు మన కంటికి ఎంత వెలుగ్గా కనిపించినా కెమెరాకు అది చీకటి గదే. టెట్రాలను ఆపాలంటే సెకనులో 250వ వంతు షట్టర్ వేగం కావాలి. ఆటోలో వదిలేస్తే కెమెరా ఐఎస్ఓను, అంటే వెలుతురుకు తన సున్నితత్వాన్ని, పెంచుకుంటూ పోతుంది, పొలుసుల స్థానంలో ఇసక రేణువులు కనబడతాయి. కెమెరా మీద ఉన్న ఫ్లాష్ వేస్తే అద్దం మీద పడి నేరుగా లెన్సులోకే తిరిగొస్తుంది. లెన్సు చుట్టూ లైట్లున్న కెమెరాలదీ అదే గొడవ, అద్దానికి కాస్త ఎడంగా పట్టుకుంటే ఆ లైట్ల ప్రతిబింబం ఫొటోలో పడుతుంది.

వెలుతురు పై నుంచి రావాలి. చేప పుట్టినప్పటి నుంచి దానికి అలవాటైన వెలుతురు అదే, దాని రంగులు కూడా ఆ వెలుతురులోనే మెరుస్తాయి. ట్యాంకు మూత తీసి, పైన ఒక గాజు పలక పెట్టి, దాని మీద విడి ఫ్లాష్‌ను కిందికి తిప్పి పెట్టండి. కింద పల్చటి తెల్ల ప్లాస్టిక్ షీట్ అడ్డం పెడితే వెలుగు మెత్తబడుతుంది. అందుకే కెమెరా ఎంచుకునేటప్పుడు ఫ్లాష్ తగిలించే హాట్ షూ ఉందా, లేకపోతే తీగ లేకుండా విడి ఫ్లాష్‌ను వెలిగించగలదా అని అడగండి. పానసోనిక్ ఎల్‌ఎక్స్100 రెండో మోడల్‌కు షూ ఉంది. ఆర్‌ఎక్స్100 వరసలో రెండో మోడల్‌కు ఉంది, మొదటిదానికి లేదు. కాంపాక్ట్‌లలో ఇంకో సుగుణం చాలామందికి తెలియదు. వీటి షట్టర్ లెన్సులోనే ఉంటుంది. పెద్ద కెమెరాలు ఫ్లాష్‌తో మామూలుగా 200, 250వ వంతు దాటి పోలేవు. వీటిలో చాలా వరకు వెయ్యో వంతులో కూడా ఫ్లాష్ వేస్తాయి. గదిలో వెలుతురు, అద్దంలో మీ ప్రతిబింబం అన్నీ చీకట్లో కలిసిపోయి చేప ఒక్కటే మిగులుతుంది.

ఫ్లాష్ వేసేటప్పుడు ట్యాంకు లైటు మాత్రం ఆర్పకండి. పూర్తి చీకట్లో ఒక్కసారిగా మెరుపు మెరిస్తే చేప అదిరిపడి అద్దానికి కొట్టుకుంటుంది. గది లైట్లు ఆర్పండి, చాలు.

ఫొటోకు ముందు అద్దం తుడవడం గురించి మీకు చెప్పక్కర్లేదు గానీ, మన బోరు నీళ్ల సంగతి చెప్పాలి. నీళ్లు ఆవిరైన చోట తెల్లటి సున్నపు చారలు కడతాయి, అవి బట్టతో పోవు. బయటి వైపు వెనిగర్ కాస్త గుడ్డకు అద్ది రుద్దండి, లోపలికి మాత్రం కారనివ్వద్దు. కెమెరాను అద్దానికి తిన్నగా పట్టుకోండి. ఏటవాలుగా పెడితే గాజు, నీళ్లు కలిసి బొమ్మను సాగదీస్తాయి, అంచుల్లో రంగులు విడిపోతాయి. గుండ్రటి బౌల్‌లో దగ్గరి ఫొటో బాగా రాదు, ఏ కెమెరా అయినా అంతే.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: సార్, మా ఫోన్లలోనే మాక్రో ఉంది కదా, కెమెరా ఎందుకు?

మంచి ప్రశ్న, తమ్ముడూ. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో రెండు సెంటీమీటర్ల దాకా ఫోకస్ చేస్తుంది. కానీ ఆ పని చేసేది దాని అల్ట్రా వైడ్ కెమెరా. వైడ్ అనగానే ఇందాక చెప్పిన బాధలన్నీ వచ్చేస్తాయి. అద్దానికి అంటుకుని పాకే నత్తకు, ప్లెకో చేపకు ఫోన్ భేషుగ్గా పనికొస్తుంది. లోపల ఈదే చేపకు కష్టం. కొన్ని ఫోన్లలో టెలీ (జూమ్) కెమెరా కూడా దగ్గరికి ఫోకస్ అవుతుంది. అదే స్కేలు పెట్టి చూడు. ఐదారు సెంటీమీటర్ల ఫ్రేము వస్తే కెమెరా కొనకు, ఆ డబ్బుతో మంచి ఫిల్టరు కొనుక్కో.

ప్రశ్న: పాత కెమెరా కొంటే ఫరవాలేదా అండీ?

నిరభ్యంతరంగా కొనండమ్మా. 2010లో ప్రపంచవ్యాప్తంగా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు మార్కెట్లోకి వచ్చాయి. ఆ రోజుల కెమెరాలు ఎన్నో ఇళ్ల బీరువాల్లో మూలుగుతున్నాయి. ముందు చుట్టాలింట్లో అడగండి. కొనేటప్పుడు జూమ్ ముందుకీ వెనక్కీ నాలుగైదుసార్లు నడిపించి శబ్దం వినండి. తెల్ల గోడను ఫొటో తీసి మచ్చలున్నాయేమో చూడండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే వద్దు. నీళ్లలో ముంచొచ్చన్న కెమెరా అయినా, పాతదైతే ట్యాంకులో ముంచకండి. రబ్బరు సీళ్లు వయసుతో గట్టిపడి నీళ్లు పట్టిస్తాయి.

ప్రశ్న: నాది మెరైన్ (ఉప్పునీటి) ట్యాంక్ సార్. ఫొటోలన్నీ నీలంగా వస్తున్నాయి.

రీఫ్ లైట్లతో, అంటే పగడాల ట్యాంకుకు పెట్టే నీలి లైట్లతో, అందరికీ అదే టెన్షన్. రా ఫైలు (కెమెరా రంగులు దిద్దని మూల ఫైలు) తీసే కెమెరానే తీసుకోండి, జేపెగ్‌లో ఆ నీలాన్ని సరిచేయడం చాలా కష్టం. మీ లైటులో తెల్ల ఎల్‌ఈడీలు విడిగా పెంచుకునే వీలుంటే ఫొటో తీసే పది నిమిషాలు వాటిని పెంచండి. తెల్ల ప్లాస్టిక్ చెంచా ఒకటి కడిగి నీళ్లలో పెట్టి, దాని మీద వైట్ బ్యాలెన్స్ సెట్ చేసుకోండి, అంటే ఏది తెలుపో కెమెరాకు చెప్పండి. సైలెంట్ షట్టర్, అంటే ఎలక్ట్రానిక్ షట్టర్, ఆపేయండి. కొన్ని ఎల్‌ఈడీలు కంటికి తెలియనంత వేగంగా ఆరుతూ వెలుగుతూ ఉంటాయి, ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీస్తే ఫొటోలో అడ్డచారలు పడతాయి.

ప్రశ్న: చెర్రీ ష్రింప్ (చిన్న రొయ్య) కడుపు కింద గుడ్లు తియ్యాలి అన్నా. ఎంత ప్రయత్నించినా ఫోకస్ కుదరట్లేదు.

ఆటో ఫోకస్ మానెయ్యి, అది ముందున్న నాచు ఆకును పట్టుకుని వదలదు. గుడ్డు ఒక్కోటి మిల్లీమీటరే కాబట్టి ఫ్రేము మూడు, నాలుగు సెంటీమీటర్లకు తేవాలి. ఫిల్టరు పది నిమిషాలు ఆపి, నీళ్లలో తేలే నలుసులు కిందికి దిగనివ్వు. ముందు అద్దానికి రెండు సెంటీమీటర్ల లోపల మేత బిళ్ల చిన్న ముక్క వెయ్యి. మాన్యువల్ ఫోకస్ ఆ ముక్క మీద బిగించేసి, ఇక దాన్ని ముట్టుకోకు. ఆడ ష్రింప్ వచ్చి మేత మీద కూర్చుని పక్కకు తిరిగాక, ఊపిరి బిగబట్టి కెమెరానే ఒక మిల్లీమీటరు ముందుకు, ఒక మిల్లీమీటరు వెనక్కు జరుపుతూ బర్స్ట్‌లో, అంటే ఆగకుండా వరసగా, తియ్యి. టీజీ అయితే ఫోకస్ బ్రాకెటింగ్ పెట్టు, ఒక్క నొక్కుకే వేర్వేరు లోతుల్లో వరసగా తీసి ఇస్తుంది, బాగున్నది ఏరుకోవచ్చు. గుడ్లను విసనకర్రలా కాళ్లతో ఊపుతుంటుంది కాబట్టి షట్టర్ వేగం 250వ వంతు కంటే తగ్గించొద్దు. అయిపోయాక ఫిల్టరు మళ్లీ ఆన్ చెయ్యడం మరిచిపోకు.